పులి కంటే ముందు మనిషి

నాలుగేళ్ల పిల్లకు పాతకాలపు పల్లె ఎలా ఉండేదో చెప్పబోతే వినదు. ఆ పల్లెలో తను చేయడానికి ఏదైనా పని ఉందా అని చూస్తుంది. ఉంటే సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. లేకపోతే పావుగంటలో ఏడుపు మొదలుపెట్టి అమ్మానాన్నలను గేటు దాకా లాక్కుపోతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపల, పాత పల్లెలాగా కట్టిన పార్కు ఒకటుంది. మట్టి గోడల ఇళ్లు, కుమ్మరి చక్రం, మగ్గం, ఎద్దు తిప్పే చెరుకు గానుగ, బతుకమ్మ ఆడుకోవడానికి అరుగు. అందులో పద్నాలుగేళ్లు పనిచేసి కిందటేడు దిగిపోయాను. ఆరేళ్ల లోపు పిల్లలు నా వంతు. అంతకుముందు నిజామాబాద్‌లో బీడీలు చుట్టే వాళ్ల పిల్లల కోసం నడిచే బాలవాడిలో ఉండేదాన్ని కాబట్టి, పార్కులో కూడా అందరూ నన్ను టీచరమ్మా అనే పిలిచేవారు.

ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు ఇంటికొచ్చారు. అదే పనిలో కొత్తగా చేరారట. "అమ్మా, గంటసేపు పిల్లలను ఎట్ల ఆపాలె? మేం ఏం చేసినా పది నిమిషాలే" అన్నారు. వాళ్లకు ఆరోజు తోచినవి కొన్ని చెప్పి పంపించాను. ఒక సంగతి మాత్రం చెప్పలేకపోయాను. వాళ్లు వెళ్లాక రాయడం మొదలుపెట్టాను.

ఎద్దు నీళ్లు తాగిన రోజు

ఆ పార్కు కట్టించిన పెద్దసారు రిటైరైన ఇంజనీరు. చెరుకు తోటల్లో పుట్టి పెరిగినవాడు. కళ్లముందే ఆ తోటలు వరి మళ్లు అవుతుంటే తట్టుకోలేక, గానుగనైనా పిల్లలకు చూపిద్దామని ఈ పార్కు కట్టించాడు. ప్రతి గుడిసె ముందు తన చేతిరాతతోనే పెద్ద బోర్డు రాయించాడు. నాకు చేరిన రోజే ఒక కాగితం ఇచ్చాడు. గానుగ దగ్గర పిల్లలకు చెప్పాల్సిన మాటలన్నీ అందులో ఉన్నాయి. చెరుకు ఎక్కడి నుంచి వచ్చింది, రసం ఎన్ని పొంగులకు పాకానికి వస్తుంది, బెల్లం దిమ్మ ఎలా పోస్తారు. నేను కంఠతా పట్టాను.

మొదటి బృందానికి అంతా అప్పజెప్పాను. ఒక పిల్లవాడు నిద్రపోయాడు. ఒక పిల్ల చెడ్డీ తడుపుకుంది. మిగతావాళ్లు ఒకరి చెప్పులు ఒకరు విసురుకుంటున్నారు. అయినా నేను ఆపలేదు. వినడం లేదని గొంతు పెంచాను. అప్పుడు వేల్పూర్ నుంచి నానమ్మతో వచ్చిన ఒక బుడ్డోడు నా కొంగు పట్టి గుంజాడు.

"టీచర్, ఎద్దు నీళ్లెప్పుడు తాగుతది?"

"అయిపోయినంక తాగుతది, కూసో."

రెండు నిమిషాలకు మళ్లీ గుంజాడు. "ఇప్పుడు అయిపోయిందా?"

గానుగ తిప్పే పోశన్న నవ్వి, "ఇడుస్త తియ్ అక్కా, దానికి గూడ దూపైతున్నట్టే ఉన్నది" అని ఎద్దును విప్పి తొట్టి దగ్గరకు తీసుకుపోయాడు. పిల్లలందరూ లేచి వెంట పరుగెత్తారు. ఎద్దు మూతి నీళ్లలో పెట్టింది. దాని గొంతు కదులుతుంటే, ముక్కుల్లోంచి బుడగలు వస్తుంటే, ఇరవైమంది పిల్లలు చప్పుడు లేకుండా చూశారు. తొట్టి తగ్గితే చెంబులతో నీళ్లు తెచ్చి పోశారు. చెప్పులు విసిరిన వాళ్లే ఎక్కువ పోశారు.

సాయంత్రం పెద్దసారు అడిగాడు, "ఏమమ్మా, గానుగ నచ్చిందా వాళ్లకు?"

"ఎద్దు నీళ్లు తాగుడు నచ్చింది సార్."

ఆయన మొహం చిన్నబోయింది. "నా బోర్డు ఎవరన్న చదివిండ్రా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మంచితనం ఏమిటంటే, వారం తిరగకముందే పిల్లలకు అందేలా చిన్న తొట్టి ఇంకొకటి కట్టించాడు. బోర్డు మాత్రం తీయలేదు.

ఆ రోజు మొదలుపెట్టి, ఏడాదిలో నా పద్ధతి మార్చుకున్నాను. పిల్లలు ఏం అడుగుతారో ముందు వినేదాన్ని. వాళ్లు అడిగిన దాంట్లోనే ఆ పూట ఆట ఉండేది. కొత్తవాళ్లకు నేను ఇవ్వగలిగిన సలహా అదొక్కటే, మిగతావన్నీ దాన్నుంచి పుట్టినవే.

ఖాజా భాయ్

బోధన్‌లో ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టే ఖాజా భాయ్ పీర్ల పండుగకు పులివేషం కట్టేవాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంట తిరిగి నేర్చుకున్నాడట. ఇళ్లలో ఇత్తడి పోయి స్టీలు వచ్చాక కళాయి పని తగ్గింది. పెద్దసారు ఆయనను పార్కుకు పిలిపించాడు.

మొదటిరోజు ఆయన గుడిసెలో రంగులు పూసుకుని, తోక కట్టుకుని, డప్పు దెబ్బకు బయటికి దూకాడు. పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. నా పిల్లలు మాత్రం ఒక్కసారిగా గోడకు కరుచుకుపోయారు. ముగ్గురిని ఊరుకోబెట్టేసరికి మధ్యాహ్నమైంది. ఖాజా భాయ్ పక్కన కూలబడి తల పట్టుకున్నాడు.

"టీచరమ్మా, నేను పిల్లలను ఏడిపించెతందుకు రాలె."

"మరేం చేద్దాం భాయ్?"

ఆయన తోక విప్పి పక్కన పెట్టాడు. "మా బాపు రంగేసుకుంటుంటె నేను పక్కన కూసుండెటోన్ని. నాకెప్పుడు భయం కాలె. ముందల మనిషిని చూసిన గద. రేపు పిల్లల ముంగటనే ఏసుకుంట."

మర్నాడు లుంగీ, బనీనుతో పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాడు. ముందు పేరు చెప్పాడు. ఒక్కొక్కరి పేరు అడిగాడు. పసుపు రంగు గిన్నె తెరిచి మోచేతికి పూసుకుంటూ, "చూడుండ్రి, ఇంకా ఖాజానే" అన్నాడు. ఇంకో చేతికి పూసి, "ఇప్పుడు?" అన్నాడు. "ఖాజానే!" అని అరిచారు. నల్ల చారలు గీయడానికి పిల్లలకే కుంచె ఇచ్చేవాడు. అవి వంకరగా పోయేవి, చంకలోకి పోయేవి. చక్కిలిగింతకు ఆయన మెలికలు తిరుగుతుంటే వాళ్లు పడీ పడీ నవ్వేవారు. ఒక పిల్ల, "నొస్తుందా?" అని అడిగి, గీసిన చార మీద ఉఫ్ అని ఊదింది. చివరికి లేచి నిలబడి, "ఇగ నేను పులినైత. సరేనా?" అని అనుమతి అడిగేవాడు. అందరూ సరే అంటేనే గర్జించేవాడు. ఒక్కరు వద్దన్నా ఆగేవాడు.

దీనికి ముప్పావుగంట పట్టేది. అయ్యాక పిల్లల చేతులు, బట్టలు, చాప, నా చీర, అన్నీ రంగే. కడగలేక నడుం పడిపోయేది. కానీ తొమ్మిదేళ్లలో ఒక్క పిల్ల కూడా ఆయనను చూసి ఏడవలేదు. నా పద్నాలుగేళ్లలో పిల్లల కోసం జరిగిన గొప్ప పని అదే. దాన్ని కనిపెట్టింది నేను కాదు.

కొత్త మేనేజర్

పెద్దసారుకు కాళ్లు నడవకుండా అయ్యాయి. పార్కు ఆయన అల్లుడి చేతికి వచ్చింది. ఆ అల్లుడు హైదరాబాద్ నుంచి కిరణ్ అనే మేనేజర్‌ను తెచ్చి పెట్టాడు. ముప్పై దాటని వయసు. అతన్ని దుర్మార్గుడిగా రాస్తే అది అబద్ధమవుతుంది. పిల్లల ఎత్తుకు సరిపడే కుళాయిలు పెట్టమని నేను ఏళ్ల తరబడి అడిగాను, పెద్దసారు వినలేదు. కిరణ్ వచ్చిన నెలలోనే పెట్టించాడు. బాత్రూములు బాగుచేయించాడు. ఎండకు షెడ్డు వేయించాడు.

కానీ అతనికి ప్రతిదీ టైముకు జరగాలి. పులి రోజుకు నాలుగుసార్లు రావాలన్నాడు. రంగులకు ముప్పావుగంట అంటే కుదరదన్నాడు. జిప్పు లాగితే చాలనిపించే రెడీమేడ్ పులి డ్రెస్సు, ముసుగుతో సహా తెప్పించాడు. కుమ్మరి గుడిసె వెనక నుంచి డప్పుతో ఒక్కసారిగా రావాలి, జనం ఫోన్లలో వీడియోలు తీసుకోవాలి.

ఖాజా భాయ్ ఆ డ్రెస్సును చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"సార్, పులి ఎనుకనుంచి వస్తె పిల్లలు జడుసుకుంటరు. ముందల మనిషిని చూపెట్టాలె."

"కొంచెం థ్రిల్ ఉండాలి కదా భాయ్. పెద్దవాళ్లు పక్కనే ఉంటారు."

"పెద్దోళ్లు ఫోన్ చూస్తుంటరు సార్."

కిరణ్ నా వైపు తిరిగాడు. "మేడం, మీరేమంటారు? పిల్లల సంగతి మీకే ఎక్కువ తెలుసు."

ఈ ప్రశ్న నన్ను అడిగారు. ఎవరూ అడగలేదు, నా మాట ఎవరు వింటారు అనడానికి నాకు వీల్లేదు. నేను, "చూద్దాం సార్, అలవాటైతరేమో" అన్నాను.

బయటికొచ్చాక ఖాజా భాయ్ నా మొహం చూశాడు. "గట్లంటివేంది టీచరమ్మా?"

"చెప్పినట్టు చెయ్యి భాయ్. లొల్లి ఎందుకు?"

అప్పటికి నా ఉద్యోగం ఇంకా నాలుగేళ్లే మిగిలి ఉంది. లొల్లి పెట్టుకుంటే పంపించేస్తారని భయం కొంత. ఇంకో కారణం కూడా ఉంది, ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆ రంగులు కడగలేక విసిగిపోయి ఉన్నాను. రెడీమేడ్ డ్రెస్సు అనగానే లోపల ఎక్కడో హాయిగా అనిపించింది.

దసరా సెలవులు

మొదట్లో కొందరు పిల్లలు ఏడ్చారు. నేను చిన్నవాళ్లను ముందే దూరం తీసుకుపోవడం అలవాటు చేసుకున్నాను. అలా నెట్టుకొచ్చాం. దసరా సెలవుల్లో జనం విరగబడ్డారు. ఎవరు ఎక్కడున్నారో చూసే వీలు లేకుండా పోయింది.

రెంజల్ అవతల పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. తల్లీతండ్రీ, ఒక ముసలవ్వ, గౌరి అనే నాలుగేళ్ల పిల్ల. అవ్వది మహారాష్ట్ర వైపు. మనవరాలితో మరాఠీలోనే మాట్లాడుతోంది. గౌరి కుమ్మరి చక్రం దగ్గర అరుగు మీద కూర్చుని మట్టితో ఏదో చేస్తోంది. నేను వంగి, "ఏం చేస్తున్నవమ్మా?" అన్నాను. "పిల్లి" అంది, తలెత్తకుండా.

నేను పక్క గుంపు దగ్గరకు వెళ్లాను. డప్పు మోగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పిల్ల గుడిసె వైపు వీపు పెట్టి కూర్చుందని. తిరిగి చూసేసరికి పులి వచ్చేసింది. ఖాజా భాయ్ తనకు చెప్పిన చోటే, పులి దాటకూడదని గీసిన సున్నపు గీత దగ్గరే ఆగాడు. గౌరి వెనక్కి చూసింది. అరవలేదు. లేచి, ఎదురుగా అరుగు అంచు ఉందని కూడా చూడకుండా పరుగెత్తింది.

కింద పడి మోచేయి విరిగింది. చెయ్యి ఉండకూడని తీరుగా వంగి ఉంది. అవ్వ ఆ పిల్లను ఒళ్లోకి తీసుకుని, "ఘాబ్రూ నకో బాళా, ఘాబ్రూ నకో" అని, భయపడొద్దని చెబుతోంది. ఖాజా భాయ్ ముసుగు పీకేసి, "బేటా, నేను మనిషినే, మనిషినే" అంటూ ముందుకొచ్చాడు. మెడ దాకా పులి, పైన మనిషి తల. గౌరి అప్పుడు అరిచింది. ఆ అరుపుకు ఆయన అక్కడే ఆగిపోయాడు. రెండడుగులు వెనక్కి వేసి, కుమ్మరి గుడిసె గోడకు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. పిల్లను నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

సంతకం

గౌరి తండ్రి మర్నాడు వచ్చి పోలీసు కేసు పెడతానన్నాడు. అనడంలో తప్పు లేదు. అల్లుడుగారు ఫోన్‌లో కిరణ్‌ను ఏమన్నాడో తెలియదు కానీ, కిరణ్ మొహం తెల్లగా పాలిపోయింది. సాయంత్రానికి, పోలీసులు వస్తే చూపించడానికి ఒక కాగితం తయారైంది. వేషగాడు పెట్టిన హద్దు దాటి పిల్లలకు మరీ దగ్గరగా వెళ్లినందువల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. పక్కనే ఉండి చూసినవారు అన్న చోట నా పేరు టైపు చేసి ఉంది.

"ఆయన హద్దు దాటలేదు కద సార్" అన్నాను. అన్నాను, అంతే. కిరణ్ కళ్లు దించుకుని, "తెలుసు మేడం. వేరే దారి లేదు" అన్నాడు. పెన్ను నా ముందు పెట్టాడు. నేను సంతకం పెట్టాను.

ఖాజా భాయ్‌ను మర్నాడు పిలిచి ఇక రావద్దన్నారు. ఆయన ఆఫీసులోంచి బయటికొచ్చి, పిల్లల తొట్టి దగ్గర నేనుంటే అక్కడికి వచ్చాడు.

"టీచరమ్మా, ఆనాడు నువ్వు ఆడ్నే ఉంటివి గద?"

"ఉన్న భాయ్."

ఇంకేమైనా అంటానేమోనని కాసేపు నిలబడ్డాడు. నేను తొట్టి కడుగుతూనే ఉన్నాను. ఆయన వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పార్కులో పులి లేదు. గాలితో ఉబ్బే పెద్ద జారుడుబండ ఒకటి తెచ్చి పెట్టారు. పిల్లలు దాని మీద బాగానే ఆడుకున్నారు. నేను ఎద్దుకు నీళ్లు పెట్టించాను, మట్టి పిసికించాను, బతుకమ్మకు తంగేడు పూలు గుచ్చించాను. పని ఆగలేదు. తల్లిదండ్రులు మెచ్చుకుంటూనే ఉన్నారు. వాళ్లు మెచ్చుకున్నప్పుడల్లా నాకు లోపల ముల్లు కదిలినట్టు ఉండేది.

బోధన్

దిగిపోయాక మొన్న ఎండాకాలంలో బోధన్ వెళ్లాను. ఖాజా భాయ్ ఇల్లు అడుగుతూ పోతే ఒక సందు చివర దొరికింది. ఫంక్షన్లకు వంటచేసే వాళ్లు తెచ్చిన బిర్యానీ దేగ్‌లు వాకిట్లో వరుసగా ఉన్నాయి. ఆయన ఒక దేగ్‌ను కొలిమి మీద తిప్పుతూ దూదితో తగరం రుద్దుతున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేవబోయాడు.

"అరే, టీచరమ్మా! రా, రా. ఇగో, కుర్చీ తెండ్రి."

చాయ్ తాగాను. పిల్లల గురించి, ఎండ గురించి మాట్లాడుకున్నాం. ఇక ఆపుకోలేక చెప్పేశాను.

"భాయ్, ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేను."

"ఎరుకే. నా ముంగట్నే సదివి వినిపించిండ్రు."

"నువ్వు గీత దాటలే. నాకు తెలుసు. తెలిసే పెట్టిన."

ఆయన దేగ్ తిప్పడం ఆపలేదు. "రంది అయితే మస్తయింది టీచరమ్మా. నౌకరీ పోయినందుకు గాదు. పిల్లల మీదికి ఉరికెటోడన్నట్టు రాసిండ్రు. గది పట్టింది నాకు." మళ్లీ తనే అన్నాడు, "ఇంకా ఉన్నది, లేదనను. నీతోని అబద్ధమెందుకు?"

క్షమించమని అడగడానికి వెళ్లాను. ఆ మాట విన్నాక అడగలేదు. ఏదో ఒకటి అనాలని, "ఆ పిల్ల ఎట్లున్నదో పాపం" అన్నాను.

"మంచిగున్నది. రెండో తరగతి."

నేను ఆయన వైపు చూశాను.

"నేను పోయిన గద ఆ ఊరికి" అన్నాడు. "దవాఖానకు పోతె బయట అవ్వ కనవడ్డది, ఊరు అడుక్కున్న. ఊకనే పోతె ఆ పిల్ల నాయిన కొడుతడేమోనని కళాయి సామాను పట్టుకపోయిన. పంచాయతీ గోడ పక్కన కొలిమి పెట్టిన. పిల్లలంత వచ్చి కూసున్నరు. గౌరి గూడ వచ్చింది, చేతికి కట్టు ఉండె. దూరంగ నిలవడ్డది. నేనేమనలె. నల్లటి గిన్నె తెల్లగైతుంటె చూసింది, పోయింది. మల్ల నెలకు పోయిన. అప్పుడు దగ్గర కూసున్నది. మూడోపారి అవ్వను అడిగి, ఆ పిల్లకు చెప్పిన, ఆ పులిని నేనే బిడ్డా అని."

"ఏమన్నది?"

"అబద్ధం అన్నది." ఖాజా భాయ్ నవ్వాడు. "నువ్వు గిన్నెలాయనవు అన్నది. గాదు, నేనే అన్న. అయితె పులిలెక్క అరువు అన్నది. మెల్లగ అరిసిన. అవ్వ ఎనుకకు ఉరికింది. జరసేపటికి తొంగి చూసి, మల్ల అరువు అన్నది. ఇగ ఆ పొద్దంత గదే పని."

కొలిమిలో బొగ్గులు చిటపటమంటున్నాయి. నేనే అడిగాను.

"గిదంత నాకెందుకు చెప్పలేదు భాయ్?"

ఆయన దేగ్ లోపలికి వంగి, మెరుగు సరిగ్గా వచ్చిందో లేదో చూస్తున్నాడు. కోపంగా అనలేదు.

"నువ్వు అడగలె గద టీచరమ్మా."

నిజమే. ఆ ఊరి పేరు నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. నిజామాబాద్ నుంచి రెంజల్‌కు రోజూ బస్సు ఉంది. నేను ఎక్కలేదు.